ఎవరి నొప్పి ముందు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక హాస్టల్ వార్డెన్ ప్రసంగం)

 

మా హాస్టల్లో ఏడో తరగతి పాప ఒకతె చలికాలం వస్తే చాలు, "కాళ్ళు పీకేస్తున్నాయి మేడమ్" అని ఏడ్చేది. బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాం. బామ్ రాసి బడికి పంపేశాం. తర్వాత రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. టీచర్ ట్రైనింగ్ చేసిన మాకే ఆ జబ్బు గురించి తెలియదు. ఆ పాప ముందు తలదించుకున్నాం.

ఇంత నొప్పి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదా? తెలుసు. కొడవలిలా వంగిన రక్తకణాల గురించి 1910లోనే చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ రాశారు. మన దేశంలో నీలగిరి ఆదివాసుల్లో ఇది ఉందని 1952లో బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై తీర్మానం చేసింది 2006లో. మన దేశంలో జాతీయ మిషన్ మొదలైంది 2023 జులైలో. నీలగిరి నుంచి ఇక్కడికి 71 ఏళ్ళు!

ఎందుకింత ఆలస్యం? ఈ జబ్బు ఎక్కువగా ఆఫ్రికా ప్రజలది, మనలాంటి అడవి బిడ్డలది. ఏ జబ్బుకు ముందు డబ్బు పెట్టాలో తేల్చేది నిధులిచ్చే దేశాలు, పెద్ద సంస్థలు, మందుల కంపెనీలు. అక్కడ మన మాట వినిపించలేదు. లెక్కలో లేనివాళ్ళ నొప్పిని ఎవరు ముందు పెడతారు? 2023 డిసెంబరులో అమెరికా ఈ జబ్బుకు జన్యు చికిత్సలను అనుమతించింది. అందులో ఒకదాని ధర 22 లక్షల డాలర్లు. మందు వచ్చింది గానీ మన గూడేనికి రాలేదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా పాత మందే, డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. అది మన పీహెచ్‌సీలో ఉందా? గ్రామసభలో అడగండి, లేకపోతే తీర్మానం రాయించండి. 40 ఏళ్ళలోపు వాళ్ళందరూ మిషన్ కింద పరీక్ష చేయించుకోండి, కార్డు తీసుకోండి. పెళ్ళి మాటలప్పుడు ఇద్దరి కార్డులూ చూసుకోండి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది శాపం కాదు, ఎవరి తప్పూ కాదు. దాచిపెడితేనే ముప్పు.

మీలోంచి నర్సులు, డాక్టర్లు, సర్వేలు రాసే అధికారులు రావాలి. లెక్క రాసే చేయి మనదైతే మన నొప్పి లెక్కలోకి వస్తుంది.

ఆ పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో హాస్టల్‌కు వస్తే చిన్నపిల్లలను అడుగుతుంది: "నీళ్ళు తాగారా? కాళ్ళు నొప్పి ఉంటే మేడమ్‌కి చెప్పండి, ఇప్పుడు నమ్ముతారు."

జై ఆదివాసీ!