పినాంగు లక్సా

మలేషియాలో బియ్యపు సేమ్యాను పులుసులో వేసి వడ్డించు వంటకమునకు లక్సా యని పేరు. కొన్ని ఊళ్లలో దానిని కొబ్బరిపాలతో వండుదురు. మా పినాంగులో చింతపండుతో వండుదురు. ఉడికించి ముల్లు తీసిన కానాగంతలు, అనాస, కీరదోస, పుదీనా, అల్లపుజాతి పూమొగ్గ, పైన చెంచాడు నల్లని రొయ్యల ముద్ద దాని సంభారములు. చేపల పులుసు నెరిగిన మా తెలుగువారి నాలుకకు అది పరాయిది కాదు.

చిరకాలమునకు స్వస్థలమునకు మరలి, మేము చిన్ననాడు తినిన అంగడికే పోయితిమి. పొయ్యి వద్ద వృద్ధునకు బదులు ఆయన కుమార్తె యుండెను. పులుసు రుచి మారలేదు. అయితే వేకువనే లేచి ముల్లు తీయు శ్రమకు ఆమె బిడ్డలు సమ్మతింపరట.

2008లో యునెస్కో మలాక్కాతోబాటు జార్జిటౌనును ప్రపంచ వారసత్వ నగరముగా గుర్తించినది. కట్టడములను శాసనములు కాపాడగలవు. రుచిని కాపాడుటకు మాత్రము నేర్చుకొను చేయి యొకటి కావలయును.