అరుగు మీద కానిస్టేబుల్



శాంతియుత నిరసనలు, పోలీసుల బలప్రయోగం, దానికి జవాబుదారీ ఎవరు అన్నది నాకిచ్చిన విషయం. బలప్రయోగం అనగానే లాఠీ గుర్తొస్తుంది, తుపాకీ గుర్తొస్తుంది. నేను మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ గురించి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట నీళ్ల కోసం ఒక ర్యాలీ పెట్టుకున్నాం. ఆ రోజు తెల్లారుజామున ఐదింటికి తలుపు తీస్తే మా అరుగు మీద, మా కుర్చీలోనే, ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "సార్, మీరేమనుకోవద్దు. పైనుంచి చెప్పినారు. ఈపొద్దు మీరు ఇల్లు దాటకూడదంట" అన్నాడు. ఆర్డర్ కాపీ చూపించమన్నాను. "కాగితం యాడుంటాది సార్, ఫోన్లో చెప్పినారు" అన్నాడు. మా ఇంట్లో ఆయనకు టీ ఇచ్చారు, మధ్యాహ్నం అన్నం పెట్టారు. మా ప్లగ్గులోనే ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాడు. సాయంత్రం ఆరింటికి ఫోనొచ్చింది, "పోయొస్తా సార్" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ఆ తేదీన నన్ను ఎవరూ నిర్బంధించలేదని జవాబు వచ్చింది. స్టేషన్ పేరు అనవసరం. నేను పదమూడు గంటలు నా ఇంట్లో నా ఇష్టప్రకారం కూర్చున్నానన్నమాట!

నేను చెప్పదలచుకున్నది ఇదే. దెబ్బ పడితే మచ్చ ఉంటుంది, ఆస్పత్రి చీటీ ఉంటుంది. మన ప్రాంతంలో ఎక్కువగా వాడే బలానికి మచ్చ లేదు, కాగితం లేదు. కాగితం లేనిదానికి లెక్క అడగడం ఎట్లా?

2016 మే 31 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ మీద అలుగు కట్టాలని, ప్రభుత్వం శంకుస్థాపన చెయ్యకపోతే జనమే చేస్తారని, నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి పిలుపిచ్చింది. ఆ కోరికలో కొత్తదేమీ లేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ అడుగుతున్న నీళ్లే అవి. రైతుల చేతుల్లో ఉన్నవి ఇటుకలు, సిమెంటు, కొబ్బరికాయలు. అనుమతి లేదన్నారు, నాయకులను ముందే కట్టడి చేశారు, దారుల్లో బండ్లు ఆపేశారు. అయినా వేలమంది నడిచే పోయారు. అంతమంది కదిలిన ఆ రోజున ఎంతమందిని ఏ సెక్షన్ కింద ఎక్కడ ఆపారో రికార్డు అడిగితే, నాకొచ్చిన జవాబే వస్తుంది.

"ఇది ఫ్యాక్షన్ ఏరియా సార్, మీకు తెలీదా" అంటారు పోలీసులు. తెలుసు. నేను ఆళ్లగడ్డ కోర్టులో ఫ్యాక్షన్ కేసులు చూసినవాణ్ణి. పికెట్ వల్లే ప్రాణాలు నిలిచిన ఊళ్లు నాకు తెలుసు, ఆ పోలీసులకు నేను దండం పెడతాను. కానీ కేసీ కాలువకు నీళ్లు వదలమని ఎండిన వరికంకి పట్టుకొచ్చిన రైతుకూ, బాంబుల సంచి పట్టుకొచ్చినవాడికీ ఒకే మందు వేస్తే ఎట్లా? నాటు బాంబుల కాలంలో పడిన అలవాటును నిరసనకొచ్చే అంగన్‌వాడీ అమ్మల మీద వాడుతున్నారు.

చట్టం ఏమంటోంది? పేపర్ జిల్లా పేజీలో ఒక మూల నెలనెలా చిన్న వార్త చూస్తుంటాం, సబ్ డివిజన్‌లో పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని. అది 1861 నాటి చట్టం, సిపాయిల తిరుగుబాటు భయంతో తెల్లవాడు రాసుకున్నది. అందులో కూడా ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారమే ఉంది, బొత్తిగా వద్దనే అధికారం లేదు. క్రమబద్ధం చెయ్యడం పేరుతో వీధుల్లో సభలే లేకుండా చెయ్యకూడదని హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేశారు. ఆ చావులు నిజం, ఆ బాధ నిజం. ఆ జీవోను మాత్రం అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. 2016లో ఒక పార్టీ ప్రభుత్వం, 2023లో ఇంకో పార్టీ ప్రభుత్వం. మా అరుగు మీది కుర్చీ మాత్రం అదే.

ఇక హౌస్ అరెస్ట్. ఈ మాట భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఎక్కడుందో వెతకండి, ముందస్తు చర్యగా కనపడదు. గౌతం నవలఖా కేసులో 2021లో సుప్రీంకోర్టు గృహనిర్బంధం గురించి మాట్లాడింది నిజమే, కానీ అది కోర్టు ఆదేశించే కస్టడీ గురించి. సీఐ గారు ఫోన్లో చెప్పేదాని గురించి కాదు. నేరం జరగబోతోందని నిజంగా అనుమానముంటే ఆ సంహితలోనే సెక్షన్ 170 ఉంది, పాత చట్టంలో అది 151. అరెస్టు చెయ్యొచ్చు, 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. అప్పుడు మెమో రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, అరెస్టు చేసే ఆఫీసర్ పేరు కనపడేట్టు బ్యాడ్జి ఉండాలి. 1996లో డీకే బసు కేసులో కోర్టు చెప్పిన షరతులే ఇప్పుడు చట్టంలోకి ఎక్కాయి. ఇవన్నీ తప్పించుకోడానికే అరుగు మీద కుర్చీ.

లాఠీ, తుపాకీ సంగతి క్లుప్తంగా చెప్తాను. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద నిరసన, కాల్పులు, ముగ్గురి మరణం. 2007 జులై 28న ముదిగొండలో భూమి కోసం. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు. ఆ ఊళ్ల పేర్లు అందరికీ తెలుసు. కాల్చమన్న ఆఫీసర్ల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? గుంపును చెదరగొట్టేటప్పుడు చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ కుదరదని చట్టంలోనే గోడ కట్టారు. పాత చట్టంలో అది సెక్షన్ 132, కొత్త సంహితలో 151. కోర్టులు అప్పుడప్పుడు ఆ గోడ పక్కనుంచి దారి చూపించాయి. ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి పోలీసులు పడిన కేసులో 2012లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది, అతి చేసిన పోలీసులపై చర్య తీసుకోమంది. అక్కడ కెమెరాలున్నాయి కాబట్టి దాచడం కుదరలేదు.

మన నంద్యాలలోనూ అంతే. 2020 నవంబరులో దొంగతనం కేసులో వేధింపులు తాళలేక ఒక ఆటో డ్రైవర్ కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పాణ్యం దగ్గర రైలు కింద పడి చనిపోయారు. వాళ్లు తీసుకున్న సెల్ఫీ వీడియో బయటికొచ్చాకే సీఐ, హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. ఆ వీడియో లేకపోతే అది పేపర్లో నాలుగు లైన్ల వార్త. నలుగురు చచ్చిపోతూ రికార్డు చేసిపెడితే గానీ లెక్క మొదలుకాలేదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇక్కడ పోలీసు మిత్రులు కూడా ఉన్నారని తెలుసు. ఆ కానిస్టేబుల్ మీద నాకు కోపం లేదు. ఆయనకూ ఆ రోజు సెలవు లేదు, ఆర్డర్ కాగితం లేదు. రేపు ఏదైనా తేడా వస్తే ఫోన్లో చెప్పిన సారు "నేను చెప్పలేదే" అంటారు. నోటిమాట ఆర్డర్ ముందుగా ముంచేది కింది ఉద్యోగినే.

కాబట్టి మిత్రులారా, మీ అరుగు మీదికి కానిస్టేబుల్ వస్తే గొడవ పడకండి. టీ ఇవ్వండి, ఆకలైతే అన్నం పెట్టండి. ఆర్డర్ కాపీ అడగండి. లేదంటే, ఎన్నింటికి వచ్చాడో, బ్యాడ్జి మీద ఏ పేరుందో, ఏం చెప్పాడో ఒక తెల్లకాగితం మీద మీరే రాయండి. పక్కింటివాళ్లతో సాక్షి సంతకం పెట్టించండి. అదే రోజు ఇంట్లోవాళ్లను పంపించి ఎస్పీ గారికి స్పీడ్ పోస్టు చేయించండి. రసీదు మాత్రం పారేయకండి.