శత్రుంజయం ఎక్కే ముందు

ఈసారి ఎల్‌ఎఫ్‌సీలో పాలిటానా కూడా చూస్తామన్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మూడు వేలకు పైగా మెట్లు. జైనులకు ఆ కొండే గుడి. పైన ఏమీ తినరు. పిల్లల సంచుల్లోని చిప్స్ ప్యాకెట్లు, మన తోలు బెల్టులు గదిలోనే ఉంచేయండి. చాతుర్మాస్యం నాలుగు నెలలూ యాత్ర ఆపేస్తారు, సెలవు అది చూసుకుని పెట్టండి. చీకటి పడేలోపు పూజారులతో సహా అందరూ దిగాల్సిందే. రాత్రి ఆ కొండ దేవుళ్లదే!

మా అమ్మ మోకాళ్ల నొప్పులతో డోలీ ఎక్కింది. సగం దారిలో, "వాళ్ల భుజాలు చూడరా, నేనిక్కడే కూర్చుంటా" అని దిగిపోయింది. తెల్లచీరల సాధ్వులు ఉత్తకాళ్లతో ఎక్కుతుంటే, లేచి దారిచ్చి దణ్ణం పెట్టింది. ఆదినాథుణ్ణి నేనొక్కణ్ణే చూసొచ్చాను. డోలీవాళ్లకు మాత్రం ఒప్పుకున్న కూలి మొత్తం ఇప్పించింది.

మీరూ కూలి కిందే మాట్లాడుకోండి. మెట్ల మధ్యలో బేరాలొద్దు.