కారణం తెలిస్తేనే గౌరవమా?



నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్‌ సంస్థానంలో ఒక చట్టం వచ్చింది. హిజ్రాలు మగపిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం మీద నిలిచిన చట్టం అది. అనుమానితుల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించేవారు. వాళ్లు ఆడవాళ్ల దుస్తుల్లో వీధిలో కనబడితే చాలు, వారంటు లేకుండానే అరెస్టు. చీర కడితే నేరం! ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు ఎప్పుడు కొట్టేసిందనుకున్నారు? 2023లో.

హిజ్రాలు ఎందుకలా ఉన్నారని మనం చెప్పుకునే కారణమే మన చూపును నడిపిస్తుంది. నేరగాళ్లంటే భయం. రోగమంటే జాలి. పుట్టుకతోనే అంతేనంటే కాస్త మెత్తబడతాం. మంచిదే. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. ‘అయితే రుజువేది?’ అంటాం. మనం ఆడో మగో రుజువు చూపమని మనల్నెవరైనా అడిగారా?

ఈ రుజువు సంగతి 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. తన జెండర్‌ ఏదో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనంది. అందుకు ఆపరేషన్‌ చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది.

కారణాలు శాస్త్రవేత్తలు వెతకనీయండి. గౌరవానికి ఆ జవాబుతో పనిలేదు. మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరైనా ‘నేనిలా’ అని చెబితే, ముందు వాళ్లు కోరిన పేరుతో పిలవండి.