ఛాయాచిత్రకారుని మాట



చేతిలోని ఫోనుతో క్షణకాలమున పది బొమ్మలు తీయగల ఈ దినములలో, ఇంకను ఫిల్మునే నమ్ముకొన్న ఔత్సాహికులు కొందరు కలరు. 35 మిల్లీమీటర్ల చుట్ట యొక్కటి సాధారణముగా 36 బొమ్మలకే చాలును. కావున వారు నిదానించి మీట నొక్కుదురు. పగలు ఉద్యోగము చేసి, రాత్రి స్నానపుగదినే చీకటిగదిగా మార్చి, ఎఱ్ఱదీపపు వెలుగున కాగితమును మందునీటిలో ముంచి నలుపు తెలుపు బొమ్మను రప్పింతురు. దానిని హైపోతో స్థిరపఱచి, కడిగి, ఆరవేసి, ఇంటర్నెట్టు ద్వారా విక్రయింతురు.

ఇందొక ధర్మసూక్ష్మము కలదు. ఒక్క నెగెటివునుండి ప్రతులెన్నియైనను తీయవచ్చును. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అను ఛాయాచిత్రకారుడు 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ పల్లెపై చంద్రోదయమును చిత్రించి, ఆ యొక్క నెగెటివునుండియే పిమ్మట 1000కి మించిన ప్రతులు తీసెను. ఇన్నియే తీయుదునని ఆయన మాట యీయలేదు గనుక అందు దోషము లేదు.

నేటి ఔత్సాహికు డొకడు '25 ప్రతులే' యని ప్రకటించి, ఒక్కొక్కదానిపై పెన్సిలుతో వరుససంఖ్య వేయుననుకొందము. కొన్నవాడు అతని మొగ మెఱుగడు; చీకటిగదిలోనికి తొంగిచూడజాలడు. 26వ ప్రతికి కాగితము కలదు, మందు కలదు, అడుగువారును కలరు. అడ్డము నిలుచునది అతని మాట యొక్కటే. అది తప్పినచో, కొలది ప్రతులే యున్నవని నమ్మి అధికమూల్య మిచ్చిన వారందఱును మోసపోవుదురు. కల్లమున కుంచము తగ్గించి కొలుచుటకును దీనికిని భేద మేమి?

మీ యింటి బిడ్డలలో నెవరైన ఈ పని చేయుచున్నచో, బొమ్మ బాగున్నదని మెచ్చుకొనుడు. పిమ్మట ప్రతుల లెక్క వ్రాసిన పుస్తకమును చూపుమని యడుగుడు.