అనాతోతు పొలం దస్తావేజు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. దాని గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు చాలామంది ఉన్నారు. క్రిస్మస్ దగ్గర పడుతోంది గనుక కాసేపు ఆశ గురించి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. నాకు తెలిసిన గ్రంథం బైబిలు ఒక్కటే, అందులోంచే చెబుతాను. మత ప్రచారం అనుకోవద్దని మనవి.

సాయంత్రం మన సంఘం ఆఫీసు అరుగుమీద కూర్చుంటే వినబడే మాటలు మీకు తెలియనివి కావు. డి.ఎ. బకాయిలు, కాలానికి పడని వానలు, దూరదేశాల్లో పిల్లలు, ఎక్కడో ఒకచోట యుద్ధం. చివరికి "ఇంక బాగుపడేదేముందండీ" అని లేవడం. ఆ మాటల్లో అబద్ధం లేదు. నేనూ ఆ అరుగుమీద కూర్చున్నవాణ్ణే. 2021లో కరోనా రెండో విడతలో నా భార్య కాలం చేసింది. తర్వాత నా రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషను చేయించుకోమని డాక్టరుగారంటే, "ఇంకేం చూడాలని లెండి" అన్నాను. అబ్బాయి ఫోనులో పోరుపెట్టేవాడు. దండగ ఖర్చు అని కసిరేవాణ్ణి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మాత్రం వేళకు ఇచ్చేవాణ్ణి. బతికున్నానని రుజువు చూపడం వరకే నా బతుకు.

ఒకరోజు భూతద్దం పెట్టి యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం చదువుతున్నాను. ఎన్నోసార్లు చదివిందే. కానీ రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫై అయిదేళ్ళు దస్తావేజులు చూసిన గుమాస్తాగా ఆ రోజే చదివాను. క్రీ.పూ. 587 ప్రాంతపు సంగతి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. పట్టణం పడిపోతుందని చెప్పినందుకు యిర్మీయా ప్రవక్తను రాజు సిద్కియా చెరసాల ఆవరణంలో పెట్టించాడు. అక్కడికి పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో, విమోచన హక్కు నీదే అంటాడు. చుట్టూ శత్రు సైన్యం, కొనేవాడు ఖైదీ! మన ఆఫీసుకు అలాంటి దస్తావేజు వస్తే దస్తావేజు లేఖరి కూడా నవ్వేవాడు.

యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. దస్తావేజు రాసి, ముద్రవేసి, సాక్షులచేత సంతకాలు చేయించాడు. ముద్రవేసిన ప్రతి ఒకటి, తెరిచి ఉన్న ప్రతి ఒకటి. రెండింటినీ అందరి ఎదుటా లేఖకుడైన బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ ద్రాక్షతోటలూ క్రయవిక్రయాలు జరుగుతాయని దేవుని మాట. మిత్రులారా, 1998లో మా శాఖకు కంప్యూటర్లు వచ్చేదాకా దస్తావేజుల్ని అక్షరం పొల్లుపోకుండా చేత్తో నకలు రాసినవాళ్ళం. మనం చూడని మనుషుల కోసమే గదా ఆ రాత!

ఇంకోటి. సంతకాలన్నీ అయ్యాక యిర్మీయా ప్రార్థనలో దేవుణ్ణే అడుగుతాడు, పట్టణం కల్దీయుల చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటని. అనుమానం తీరాక కొనలేదు, కొన్నాక అడిగాడు. ఇది నాకు పెద్ద ధైర్యం.

చదువుతుంటే దివిసీమ పెద్దాయన ఒకరు గుర్తుకొచ్చారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమంది పోయారు. మరుసటి ఏడు ఆయన మా ఆఫీసుకు పొలం కొనుగోలు దస్తావేజు తెచ్చారు. ఇంట్లో ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి. నేను కుర్ర గుమాస్తాని, నోరూరుకోక "ఉప్పు పట్టిన నేల ఎందుకు తాతా?" అన్నాను. వేలిముద్ర వేసిన సిరా తుడుచుకుంటూ, "ఉప్పెన్నాళ్ళుంటదయ్యా? వానలొత్తాయి, కాలవొత్తది. కడిగేత్తది" అన్నారు. అప్పుడు నాకు అమాయకత్వం అనిపించింది.

మరి యిర్మీయా ఆ పొలం దున్నాడా అంటే, బైబిల్లో లేదు. మరుసటి ఏడే పట్టణం పడింది. తర్వాత ఆయన్ని సొంతవాళ్ళే ఐగుప్తుకు తీసుకుపోయారు. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు యూదులను తిరిగి వెళ్ళమన్నాడు. వెళ్ళినవారి జాబితా ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. సాధారణంగా ఎవరూ చదవని అధ్యాయం, ఊళ్ళూ లెక్కలూ. జాబితాలంటే మనకు అలవాటే కాబట్టి చదివాను. అనాతోతువారు 128 మంది. ఆ అంకె భూతద్దంలో అలుక్కుపోయి కనిపించింది. 128యా, 123యా? లేచి వెలుతురులోకి వెళ్ళి చూశాను, అయినా తేలలేదు. పక్కింటి అమ్మాయిని పిలిచి చదివించుకోవలసి వచ్చింది.

ఆ రాత్రే అబ్బాయికి ఫోను చేశాను. కుడికన్ను అయిపోయింది. ఎడమ కంటికి సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నారు. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు, ఇక్కడికి చక్కగా కనబడుతోంది. సెలవు.