నా యెఱుకలో రాని నీరు

గ్రామపెద్దలారా!

వరంగల్లు సీమలో పుట్టినవారికి చెఱువు తల్లివంటిది. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు తటాకములను కాకతీయులనాడు నిర్మించిరి. ఒకదాని మిగులునీరు మఱియొకదానికి చేరునట్లు గొలుసుకట్టుగా అమర్చిన చెఱువులు నేటికిని మనకు అన్నము పెట్టుచున్నవి. అయితే ఆ గొలుసునందే ఒక అపాయమును కలదు. పైచెఱువు తెగినచో ఆ నీరంతయు క్రిందిచెఱువుపై బడును. అదియు తెగినచో ఊరిపై బడును.

నా చిన్నతనమున మా యూరి నీరటి వానరాత్రులందు కందిలి చేతబట్టి కట్టపై తిరుగుచుండెడివాడు. మత్తడి దుమికినదనగానే దిగువయూరికి కబురు పంపెడివాడు. అది వాని నిత్యకృత్యము. దాని విలువ నాకు ముదిమిలోగాని తెలియలేదు.

2023వ సంవత్సరము జూలై 26 ఉదయము మొదలు 27 ఉదయమువఱకు ములుగుజిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అనగా ఇంచుమించు 25½ అంగుళములు. ఒక్క ఎకరమునేలపై 26 లక్షల లీటర్ల నీరు! అంతకుముందు తెలంగాణములో మిక్కిలి హెచ్చుగా నమోదైనది 2013లో వాజేడునందలి 517.5 మిల్లీమీటర్లు. పదియేండ్లకే ఆ లెక్క తప్పినది. ఆ 27వ తేదీ వేకువజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లిని ముంచినది. జనులు మిద్దెలెక్కియు చెట్లెక్కియు ప్రాణములు దక్కించుకొనిరి. కొందఱు కొట్టుకొనిపోయిరి. ఏటూరునాగారము మండలమందలి కొండాయిని జంపన్నవాగు ముంచగా అచ్చటను పలువురు మృతులైరి. 29వ తేదీన వరంగల్లు నగరమున భద్రకాళి చెఱువుకట్టకు గండిపడినది.

ఇట్టివేళ జనులు ముందుగా చూచునది పెద్దలమైన మన ముఖమునే. మనమేమందుము? "నా యెఱుకలో ఇంతదాక నీరు రాలేదు" అందుము. ఒక యేడు నేనును అట్లే అంటిని. నా మాట నమ్మి మా వాడవారు ఇండ్లు కదలలేదు. నడిరేయి నీరు గడపదాటినది. నడవలేని యొక ముసలమ్మను మంచముతోగూడ నలుగురు మోసికొని చీకటిలో బడికి చేర్చిరి. ఆమె బ్రతికినది; కాని అది నా తెలివివలన గాదు, ఆ నలుగురి భుజబలమువలన. నాటినుండి ఆ మాట నా నోట రాలేదు.

కావున మనవిచేయుచున్నాను. వాతావరణశాఖవారు రంగులతో హెచ్చరికలు తెలుపుదురు. పసుపన్న కనిపెట్టియుండవలెను. నారింజయన్న సిద్ధపడవలెను. ఎఱుపన్న వెంటనే పూనుకొనవలెను. ఎఱుపు హెచ్చరిక వచ్చిననాడు ప్రొద్దుగుంకకమునుపే పల్లపుటిండ్లవారిని మెఱకనున్న బడికో మిద్దెయింటికో చేర్చుడు. వృద్ధులను, గర్భిణులను, పసివారిని ముందు పంపుడు. పశువుల పలుపులు విప్పుడు. కట్టివేసిన గొడ్డు ఈదలేదు. నీరు రాకమునుపే ఇంటి కరెంటు ఆపుడు. నీట నిలిచి మీటను తాకరాదు. తెగిపడిన తీగ దరికి ఎవ్వరిని పోనీయకుడు.

వాగు వంతెనపై పొర్లుచున్నప్పుడు దాటరాదు. పరుగునీరు జానెడులోతున్నను మనిషి కాళ్లు తేల్చగలదు; రెండడుగులున్న మోటారుకారునే ఈడ్చుకొనిపోగలదు. నీటిక్రింద బాట యున్నదో కొట్టుకొనిపోయినదో పైకి గానరాదు. పెండ్లియైనను సంతయైనను వాగు తగ్గిన పిదపనే.

మఱియొక్క మాట. మీ చెఱువు మత్తడి దుమికినను, కట్ట చెమ్మగిల్లి జాఱుచున్నను ఆ క్షణమే దిగువయూరి పెద్దకు ఫోను చేయుడు, 112కును తెలుపుడు. అర్ధరాత్రియని సంకోచింపకుడు. నిద్ర చెడినదని ఆయన విసిగికొన్నను మంచిదే.

ముందుగా కదలిననాడు నీరు రాకపోవచ్చును. జనులు మనలను నవ్వవచ్చును. ఆ నవ్వును సంతోషముగా భరింతము. నవ్వుటకు వారందఱు మిగిలియుందురు గదా!